చెయ్యెత్తితే ఆగే బండి

రైలు ఫొటో తియ్యడంలో ఏముంది అంటారు మీరు. నిజమే, ఇప్పుడు ఎవరి జేబులో చూసినా కెమెరా ఉంది. వంతెన రాగానే పెట్టెలో సగం మంది తలుపు దగ్గరికి పరిగెత్తి చెయ్యి బయటపెడతారు. అయినా చెబుతాను, వినండి. నేను రైల్వేలో ఫొటోగ్రాఫరుగా చేరి, ఆ ఉద్యోగంలోనే జుట్టు తెల్లబడి, ఇంకొన్ని నెలల్లో రిటైరవుతాననగా కూడా నడుస్తున్న రైలుని ఒక్కసారైనా ఫొటో తీసి ఎరగను.

నమ్మరు కదూ? పెళ్లైన కొత్తలో మా ఆవిడా నమ్మలేదు.

నా పని ప్రమాదాలు. రైలు పట్టాలు తప్పినా, గేటు దగ్గర లారీని గుద్దినా, వానలకి కట్ట కోసుకుపోయినా కాలనీలో సైరన్ మోగేది. క్రేను, డాక్టర్లు, గ్యాస్ కటర్లతో సహాయక బండి బయలుదేరేది. అందులో ఒక మూల కెమెరా సంచీ ఒళ్లో పెట్టుకుని నేను. ఏ చక్రం ముందు దిగింది, పట్టా ఎక్కడ విరిగింది, విరిగిన చోట పాత తుప్పుందా కొత్త మెరుపుందా, ఇవన్నీ తర్వాత విచారణలో అడుగుతారు. జవాబు నా ఫొటోలో ఉండాలి. అందుకని ప్రతి దాని పక్కనా ఒక స్కేలు పెట్టి, సుద్దతో నంబరు వేసి తీసేవాణ్ణి. బాగుందనే మాట ఆ ఉద్యోగంలో ఎవరి నోటా వినలేదు. స్పష్టంగా ఉందంటే అదే మెచ్చుకోలు. మనుషుల్ని కూడా తీశాను. ఆ సంగతి ఇక్కడ రాయను.

ఫొటోగ్రాఫరున్న ఇంట్లో గోడల మీద చోటు ఉండదంటారు. మా ఇంటి గోడల మీద దేవుళ్ల క్యాలెండరు తప్ప ఏమీ లేదు. ఏది తగిలించమంటారు చెప్పండి?

డార్క్‌రూమ్‌లో నా ఫిల్ము కడిగేవాడు బొబ్బిలి వైపు మనిషి. మాకు చుట్టరికం ఏమీ లేదు గాని నన్ను బావా అనేవాడు. నేను రీలు చేతికివ్వగానే ముందు అడిగే మాట ఒకటే. "ఏటి బావా, ఈసారి సక్రాలు కిందకున్నాయా, పైకున్నాయా?" రాక్షసుడని తిట్టుకోకండి. ఆ ఎర్ర దీపం కింద రోజూ ఆ బొమ్మలు నీళ్లలో తేలి రావడం చూసేవాడు ఏదో ఒక జోకు వెయ్యకపోతే సాయంత్రం ఇంటికెళ్లి అన్నం ఎలా తింటాడు?

సర్వీసు చివరికొచ్చేసరికి నాకో పట్టుదల పట్టుకుంది. పోయేలోగా ఒక్క రైలుని, ప్రాణమున్న రైలుని, నడుస్తుండగా తియ్యాలి. ఎక్కడో అక్కడ తీసుకుంటే సరిపోయేది కదా అంటారు మీరు. ప్లాట్‌ఫారం మీద నిలబడి దొంగచాటుగా తియ్యడం కాదు నాకు కావలసింది. ఉద్యోగంగా తియ్యాలి, ఆఫీసు నన్ను పంపాలి. నా పేరున ఉన్న బీరువాలో, ఆ విరిగిన చక్రాల మధ్య, అదొకటి ఉండాలి.

ఆ అవకాశం చిన్నలైను మీద వచ్చింది. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా కొండల్లోకి పోయే సన్న పట్టాల బండి మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పట్టాలు వెడల్పు చేస్తారని అప్పటికే ఖాయమైంది. ఆ మార్గంలో బొగ్గు ఇంజను పోయి డీజిల్ వచ్చి చాలా కాలమైంది. లైను మూసేలోగా పాత బొగ్గు ఇంజనుని ఒకసారి నడిపించి, మహేంద్రతనయ నది పక్కన కొండలూ ఏరూ కనబడేలా ఫొటోలు తీసి క్యాలెండరు వెయ్యాలని పైవాళ్లు అనుకున్నారు. లారీ మీద ఇంజనుని తెప్పించారు. నల్లగా, బొద్దుగా, గేదె దూడలా ఉంది. దాన్ని నడపడానికి ఎప్పుడో రిటైరైన డ్రైవరుని నరసన్నపేట పక్క పల్లె నుంచి పిలిపించారు.

ఈ పని చూస్తున్నది ప్రచార విభాగానికి కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు. ఉత్తరాది మనిషి, తెలుగు పట్టుదలగా నేర్చుకున్నాడు. సెక్షన్‌లో ఫొటోగ్రాఫరంటూ ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి నన్నే పంపాడు. ఇంటికెళ్లి మా ఆవిడతో చెబితే, "సైరన్ మోగలేదు కదా, ఎక్కడికి?" అంది.

మొదటిరోజు ఏం జరిగిందో చెబితే నవ్వుతారు. నవ్వండి. పొద్దున్నే వెళ్లి, ఎండ పోయేదాకా రెండు రీళ్లు తీసుకొచ్చి బొబ్బిలివాడి చేతిలో పెట్టాను. చాలాసేపటికి తలుపు తీసుకుని బయటికొచ్చాడు. కళ్లల్లో నీళ్లు, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "బావా, అంతా బాగున్నాది. యాక్సిడెంటే కనబడ్డం నేదు" అన్నాడు. తడి ప్రింట్లు చూశాను. ఇంజను ముందు చక్రం, వెనక చక్రం, చక్రం అంచు, పట్టాల అతుకు. వాటి పక్కన నా స్కేలు. ఒక దాంట్లో సుద్ద నంబరు కూడా ఉంది. కొండ ఒక్క ఫొటోలో ఉంది, అదీ సగం. ఏరు ఎక్కడా లేదు. వంగి చక్రాలు చూడ్డమే అలవాటైన మనిషిని కదా, తలెత్తాలని తోచనే లేదు.

ఆఫీసరు ఆ ప్రింట్లు ఒక్కొక్కటే పక్కన పెట్టి, "ఇది క్యాలెండరా, విచారణ నివేదికా?" అని మెల్లిగా అడిగాడు. తిట్టినా బాగుండేది. విశాఖ నుంచి పెళ్లిళ్లు తీసే పేరున్న వాణ్ణి పిలిపిస్తానన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా కోపం సంగతి సెక్షన్‌లో అందరికీ తెలుసు. బల్ల మీద చెయ్యి వేసి, ఇంకొక్క పొద్దు ఇవ్వండి, కాకపోతే పెళ్లిళ్ల వాణ్ణే పిలుచుకోండి, నేను రిటైరయ్యేదాకా ఈ గదిలోకి రాను అన్నాను. నా మొహం చూసి ఏమనుకున్నాడో, ఇంజను లారీ ఎక్కే రోజు పొద్దు నాకిచ్చాడు. అదే ఆఖరు.

ఆ మధ్యలో దొరికిన రోజులన్నీ విజయనగరం స్టేషను అవతల, లైను పక్కన తుప్పల్లో గడిపాను. కెమెరాలో ఫిల్ము లేదు. గూడ్సు బండి వస్తుంటే దానితో పాటు నడుం తిప్పుతూ ఉత్తి మీట నొక్కడం, అదే సాధన. కదలని దాన్ని తీసి తీసి చేతులు కొయ్యబారిపోయాయి. బండి వెళ్లిపోయాక నొక్కేవాణ్ణి, లేకపోతే రాకముందే నొక్కేవాణ్ణి. నడుం పట్టేసి రాత్రిళ్లు మా ఆవిడ కొబ్బరినూనె కాచి రాసేది. "ఈ వయసులో పిచ్చి కాకపోతే ఏమిటి" అంటూనే రాసేది. మానలేదు. వారం తిరిగేసరికి ఇంజను కళ్ల ముందుకి రావడం, వేలు కదలడం ఒక్కసారి అవుతున్నట్టు అనిపించింది.

ఆ పొద్దు వచ్చింది. పాతపట్నం ఇంకొక స్టేషను దూరం ఉందనగా లైను ఏటి పక్కగా వంపు తిరిగి కొంచెం ఎత్తెక్కుతుంది. అటు కొండలు, ఇటు ఇసుకలో సన్నగా పారే నీళ్లు, మధ్యలో కోతలైన మళ్లు. నేను వంపు బయట గట్టు మీద స్టాండు వేసి పెద్ద కెమెరా బిగించాను, చిన్నది మెళ్లో వేసుకున్నాను. ఈసారి స్కేలు ఇంట్లోనే వదిలేసి వచ్చాను. ఏర్పాటు ఏమిటంటే, బండి వెనక్కి వెళ్లి మళ్లీ వేగంగా నా ముందు నుంచి పోవాలి, బాగా రాకపోతే మళ్లీ వెనక్కి వెళ్లి రావాలి. అందుకని రోజూ నడిచే డీజిల్ బండిని ఆ పూటకి రద్దు చేసి, పాతపట్నం దాకా లైను మాకే ఇచ్చారు. ఏది ఏమైనా ఫొటోగ్రాఫరుని దాటేదాకా ఆపొద్దని ఆఫీసరు డ్రైవరుకి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ముసలాయన తలగుడ్డ బిగించుకుంటూ, "ఆపను బాబూ" అన్నాడు.

మొదటిసారి బండి వచ్చేసరికి సూర్యుడు మబ్బులోకి దూరాడు. రెండోసారి ఎండ బ్రహ్మాండంగా ఉంది గాని గాలి తిరిగి, ఆవిరంతా ఇంజను మీదే కమ్మేసి, నాకు కనిపించింది ఒక తెల్ల మేఘం. కొండ దిగువ గాలి, ఎవరినని ఏం లాభం? మళ్లీ వెళ్లమని చెయ్యి ఊపాను. అప్పుడు డ్రైవరు కబురు పంపాడు. ఇంజనులో నీళ్లు తగ్గిపోతున్నాయి, నీళ్లు పట్టుకోవాలంటే పాతపట్నం పోవాలి, కాబట్టి ఈసారికి బాగా తీసుకోమనండి అని.

మూడోసారి అన్నీ కుదిరాయి. గాలి ఏటి వైపు తిరిగింది. ఎండ ఇంజను మీద ఏటవాలుగా పడుతోంది. పొగ వెనక్కి చక్కగా వాలి కొండ ముందు నిలబడింది. కెమెరాకి కన్ను ఆనించి బండితో పాటు నడుం తిప్పడం మొదలుపెట్టాను. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటున్నాను. అద్దంలో బండి నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. నేను గురి పెట్టుకున్న చోటికి నాలుగు గజాల ఇవతల బుస్సుమని ఆగిపోయింది.

కెమెరా మీంచి తలెత్తి చూస్తే, పట్టాల పక్కన ముగ్గురు ఆడవాళ్లు. తలల మీద చేపల తట్టలు. ముందున్న పెద్దావిడ ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు.

మీకు ఈ బండి సంగతి ఒకటి చెప్పాలి. ఆ లైను మీద స్టేషనుకి వెళ్లి ఎక్కాలనే నియమం పుస్తకాల్లోనే ఉండేది. పొలం గట్టు మీంచి, రేవులోంచి, ఎవరు చెయ్యెత్తినా డ్రైవర్లు ఆపేవారు. తరాలుగా అంతే. తీరం నుంచి తెల్లారగట్లే బయలుదేరే ఈ చేపల వాళ్లు లైను పక్క పల్లెల్లో కొంత అమ్ముకుని, మిగిలింది పాతపట్నం సంతకి పట్టుకెళ్లడానికి ఇక్కడే చెయ్యెత్తేవారు. రోజువారీ బండి ఈ పూట రద్దని స్టేషన్లలో కాగితం అంటించారు. ఏటి గట్టు మీద చెయ్యెత్తేవాళ్లకి స్టేషను బోర్డు ఎక్కడ కనబడుతుంది?

నేను గట్టు దిగి వెళ్లేసరికి ముగ్గురూ తట్టలతో సహా మొదటి పెట్టెలో కూర్చున్నారు. క్యాలెండరు కోసమని పెట్టెలకి కొత్త రంగేశారు. తట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఆఫీసరు ఇంజను దగ్గర నిలబడి ఎందుకాపావని డ్రైవరుని అడుగుతున్నాడు. ముసలాయన తన కుడిచేతిని తనే తప్పు పడుతున్నట్టు చూసుకుంటున్నాడు. "ఏటి సెయ్యమంటారు బాబూ, ఆయమ్మ సెయ్యెత్తినాది. నా సెయ్యి నన్నడక్కండా బ్రేకు మీదకి ఎలిపోనాది" అన్నాడు.

నేను వాళ్లమీద అరిచాను. దిగండి, ఇది మీ బండి కాదు, ఫొటో కోసం నడుపుతున్నాం, ఎక్కడికీ వెళ్లదు అని. ఇద్దరు చిన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దావిడ కదల్లేదు.

"బొమ్మకోసం బండి నడుస్తాదని మాకేటి తెలుసు బాబూ? సెయ్యెత్తినాం, ఆగినాది. ఆగిందని ఎక్కినాం" అంది. బస్సువాడు చేపల తట్ట ఎక్కనివ్వడట. ఆటోవాడు వాసనంటాడట. తట్టల్లో కవళ్లు, కానాగర్తలు ఉన్నాయి, ఎండెక్కితే కుక్కలకి పొయ్యడమే. నడిచిపోతే సంత అయిపోతుంది. ఇదంతా దీనంగా చెప్పలేదు ఆవిడ, కాస్త విసుగ్గా, బుర్ర లేనివాడికి చెప్పినట్టు చెప్పింది.

ఆఫీసరు నన్ను పక్కకి పిలిచాడు. చెడ్డవాడు కాదండీ, అతని ఇబ్బంది అతనిది. ఉన్న నీళ్లతో రెండే దారులున్నాయి. వీళ్లని దించేసి వెనక్కి వెళ్లి ఇంకొకసారి వస్తే నా ఫొటో వస్తుంది, కాని ఆ తర్వాత పాతపట్నం దాకా ఎక్కడానికి నీళ్లు చాలవు, కిందికి దిగిపోవాల్సిందే. లేదా ఇలాగే పాతపట్నం పోతే, నీళ్లు పట్టి తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది, ఇంజను కోసం లారీ కాచుకుని ఉంది, ఇక ఫొటో లేదు. ఎక్కించుకున్నవాళ్లని తాను మాత్రం దించనని డ్రైవరు ముందే చెప్పేశాడు. "ఫొటో మీది. మీరే చెప్పండి" అన్నాడు ఆఫీసరు.

ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా రాస్తున్నాను. ఎండ అలాగే ఉంది, గాలి అలాగే ఉంది. ఇంకొక్కసారి వస్తే చాలు. ముగ్గురు ఆడవాళ్లు ఒక పూట చేపలు పారబోసుకుంటే లోకం మునిగిపోతుందా అని కూడా అనుకున్నాను. దించేద్దామనే వెనక్కి తిరిగాను.

పెద్దావిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. నా మెళ్లో కెమెరా చూసి నేనే పెద్ద అధికారిననుకుందేమో. "ఎల్తాదా, ఎల్లదా? అదొక్కటీ సెప్పు బాబూ" అని అడిగింది.

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. పడిపోయిన పెట్టెల పక్కన, గట్టు మీద, మూటలు పట్టుకుని కూర్చున్న వాళ్లందరూ నన్ను అదే అడిగేవారు. మెళ్లో కెమెరా ఉంది గదా, ఇతనికి తెలిసుంటుందని. బండి ఎప్పుడెల్తాది బాబూ, ఎల్తాదా బాబూ అని. తల దించుకుని చక్రాల పక్కన స్కేలు పెట్టుకోవడం తప్ప ఏ ఒక్కరికీ ఏమీ చెప్పలేకపోయాను. ఇన్నేళ్లకి మొదటిసారి ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది.

"ఎల్తాదమ్మా, కూర్చో" అన్నాను. డ్రైవరు వైపు తిరిగి పోనియ్యమని చెయ్యి ఊపాను. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, ఇంజను చేత కూత వేయించాడు.

ఎత్తు మీద ఆగిన బండిని మళ్లీ కదిలించడం ఇంజనుకి తేలిక కాదు. చక్రాలు ఒకసారి జారాయి, మళ్లీ పట్టుకున్నాయి. ఒక్కొక్క ఊపుకీ నేల అదురుతోంది. స్టాండూ పెద్ద కెమెరా గట్టు మీదే ఉండిపోయాయి. నా చేతిలో ఉన్నది చిన్న కెమెరా. అప్పుడు తోచింది, ఇంతవరకూ వెనక్కీ ముందుకీ తిరిగింది బొమ్మ కోసం నడిచిన బండి, ఇప్పుడు పోతున్నది నిజంగా ఊరికి పోతున్న బండి అని. పట్టాల మధ్యకి పరిగెత్తాను. ఆ నడుంతో ఎలా పరిగెత్తానో నాకే తెలీదు. వంపు తిరుగుతూ ఎక్కుతున్న బండి ఆఖరి పెట్టె, దాని వెనక ఇదే ఆఖరిదని గుర్తుగా వేలాడే బోర్డు, వంపు మీద మొదటి పెట్టె కిటికీ బయట ఒక తట్ట అంచు, ఆ పైన పొగ, పొగ వెనక కొండలు, పక్కన ఏరు. నొక్కాను. వేలు ఈసారి ఆలస్యం చెయ్యలేదు, తొందరపడలేదు.

ఆ ఫొటో సంగతి ఇక్కడే చెప్పేస్తాను. క్యాలెండరులో పడలేదు. రైలు వీపు ఎవరికి కావాలన్నాడు ఆఫీసరు. అదీ నిజమే. చివరికి ఇంజను లారీ మీద ఉండగా తీసిన బొమ్మ ఏదో వేసుకున్నారు. బొబ్బిలివాడు మాత్రం ఆ ప్రింటు నీళ్లలోంచి తీసి తీగకి తగిలించి, చక్రాల జోకు వెయ్యలేదు. చాలాసేపు చూసి, "నాకూ ఒకటి ఏసుకుంటాను బావా" అన్నాడు. ఒకటి మా ఇంట్లో ఉంది. మా ఆవిడ వంటింటి గుమ్మం పైన మేకు కొట్టించింది. వచ్చినవాళ్లు అది పోతున్న బండి కదా, ఎదురుగా వస్తున్నది తియ్యలేకపోయారా అని అడుగుతుంటారు. వాళ్లకి కాఫీ ఇచ్చి పంపిస్తాం.

నేను మీకు చెప్పాలనుకున్నది మాత్రం ఫొటో తర్వాత జరిగింది. ఆఫీసరూ నేనూ జీపులో బయలుదేరాం. రోడ్డు ఏటికి అవతలగా చుట్టూ తిరిగి పోతుంది. పాతపట్నం చేరేసరికి బండి ప్లాట్‌ఫారం మీద నిలబడి, గొట్టం కింద నీళ్లు తాగుతోంది. మొదటి పెట్టె ఖాళీ. ఆడవాళ్లు ఎప్పుడో దిగి సంత వైపు వెళ్లిపోయారు, నన్ను తలుచుకుని కూడా ఉండరు. కొత్త రంగు బల్ల మీద చేపనీళ్ల మరక ఉంది.

డ్రైవరుకి మంచినీళ్లు అడుగుదామని స్టేషన్ మాస్టరు గదిలోకి వెళ్లాను. ఆయన నన్ను చూడలేదు. కిటికీలోంచి బండి ఆఖరి పెట్టె వంక ఒకసారి చూసి, ఆఖరిదని చెప్పే బోర్డు ఉందని, అంటే దారిలో ఏ పెట్టే తెగి ఉండిపోలేదని సరిచూసుకుని, ఫోను తీసి కింది స్టేషనుకి చెబుతున్నాడు. రైలు నడిచినన్నాళ్లూ ప్రతి స్టేషన్లోనూ ప్రతి బండికీ చెప్పే మాటేనట అది. ఆ మాట చెప్పడానికి వీల్లేని బండ్ల దగ్గరికే నన్ను పంపేవారు గనక, నేనెప్పుడూ వినలేదు.

"బండి మొత్తం వచ్చేసిందండి" అని ఆయన ఫోను పెట్టేశాడు.

నేను గుమ్మంలోనే ఉండిపోయాను. ఏం కావాలన్నాడు. మంచినీళ్ల సంగతి మరిచిపోయాను.

"ఇప్పుడు ఫోన్లో అన్నారే, ఆ మాట ఇంకొకసారి అనండి" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఎండకి తల తిరిగిందనుకున్నాడో ఏమో, కుర్చీ ముందుకి జరిపి, నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా ఇంకొకసారి చెప్పాడు.

"వచ్చేసింది బాబూ. మొత్తం వచ్చేసింది."